నాయన రోపు పుస్తకం

తొమ్మిదేళ్ల తరువాత ఆ మనిషి మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, చక్కెర కొంచెం తక్కువైందన్నాడు. అమ్మ లోపలికి వెళ్లి ఇంకో చెంచాడు తెచ్చి కలిపి ఇచ్చింది. అతను ఎవరో ఆమెకు తెలుసు. నా కుడి మోకాలి మీద కుట్లు ఎన్నో కూడా తెలుసు. అయినా ఇంటికొచ్చినవాడి గ్లాసు కాబట్టి కలిపింది. ఆ చెంచా గ్లాసుకు తగిలే చప్పుడు వినిపించినంతసేపూ నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

బెంగళూరులో నేను మూడు సీజన్లు ఆడిన బాస్కెట్‌బాల్ జట్టుకు అతను మేనేజరు. అప్పుడూ మేనేజరే, ఇప్పుడూ మేనేజరే. ఆటగాళ్లు మారారు, కోచ్‌లు మారారు, జెర్సీ రంగు రెండుసార్లు మారింది, అతను మాత్రం మారలేదు. ఇప్పుడు వాళ్లు ఆడపిల్లల జట్టు కూడా పెట్టారట. నేను పగలు బెంగళూరు దారిలోని నర్సాపురంలో ఒక కార్ఖానాలో మెయింటెనెన్స్ పని చేస్తాను, సాయంత్రాలు మా పాత గని ఊళ్లో, ఊరిగాం మైదానంలో, పద్నాలుగు మందికి ఆట నేర్పుతాను. వాళ్లలో కవిత అనే అమ్మాయి కోసం వచ్చాడు. కవితది క్యాసంబళ్ళి అనే పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. వయసు పందొమ్మిది, ఎత్తు నూట డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు. బోర్డుకు తగలకుండా నేరుగా రింగులో పడే షాట్లు ఆమెవి పదింటికి ఏడు. బుధవారం బెంగళూరులో ట్రయల్. దానికి ముందు శిక్షకుడు సంతకం పెట్టాల్సిన ఫిట్‌నెస్ కాగితం ఒకటుంది. దాన్ని టీపాయ్ మీద పెట్టి, పెన్ను కూడా తనే తీసి పెట్టాడు.

"ఎడమ చీలమండ వాచింది. పన్నెండు రోజుల కింద పడింది," అన్నాను.

"ఎంత వాపు?"

"ఒక సెంటీమీటరు."

నవ్వాడు. "ఇంకా ఆ టేపు వదల్లేదా శంకర్ నువ్వు! సరి అని రాసెయ్యి. నీ మాటంటే మావాళ్లకు గురి. ఆ పిల్ల జీవితం మారిపోతుంది. నీకు చెప్పాలా?" లేచి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేశాడు. తొమ్మిదేళ్ల కింద వేసిన భుజం మీదే వేశాడు. రేపు పొద్దున డ్రైవరును పంపుతాను, కాగితం ఇచ్చి పంపమన్నాడు.

ఆ టేపు సంగతి అర్థం కావాలంటే మా నాయన చేసిన పని తెలియాలి.

మా తాత పలమనేరు వైపు పల్లె నుంచి బంగారు గనికి కూలికి వచ్చాడు. నాయన పేరు వెంకటరమణప్ప. గనిలో అందరూ రోపు రమణప్ప అనేవాళ్లు. మనుషుల్ని భూమిలోకి దించే కేజ్ ఒక ఉక్కు తాడుకు వేలాడుతుంది. ఆ తాడే రోపు. రోజూ మొదటి షిఫ్టు దిగకముందు దాన్ని పరీక్షించడం ఆయన పని. ఆయుధపూజ నాడు ఇళ్లవాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లు కాబట్టి, ఆ పని ఎలా చేస్తారో ఒకసారి చూపించాడు. ఇంజను డ్రైవరు రోపును మనిషి నడక కంటే నెమ్మదిగా వదులుతాడు. నాయన గని బావి లాంటి షాఫ్టు నోటి దగ్గర నిలబడి, రెండు చేతుల్లో నూలు గుడ్డ పట్టుకుని, రోపు చుట్టూ వదులుగా మూస్తాడు. రోపు గుడ్డలోంచి జారుతూ పోతుంటుంది. రోపులో ఎక్కడైనా ఒక్క తీగ తెగి ఉంటే దాని మొన గుడ్డకు తగులుకుంటుంది. కంటికి కనిపించనిది గుడ్డకు తెలుస్తుంది. వెంటనే చెయ్యి ఎత్తుతాడు, ఇంజను ఆగుతుంది, అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడతాడు. తరువాత కాలిపర్స్‌తో మందం కొలిచి పుస్తకంలో రాస్తాడు.

ఆయన ఇంటికి వచ్చేటప్పుడు ఆయన కంటే ముందు గ్రీజు వాసన వచ్చేది, దాని వెనక కిరసనాయిలు వాసన. అమ్మ ఆ బట్టల్ని వేరే బకెట్లో వేసేది. తీగ మొనలు గుచ్చుకున్న అరచేతులకు పసుపు పెట్టుకుని, సంగటి ముద్ద తుంచలేక తంటాలు పడుతుంటే అమ్మ నవ్వేది, తరువాత తనే ముద్దలు చేసి పెట్టేది. గని కూలీలుండే మా లైన్లలో రేకుల ఇళ్ల మధ్య బట్టలారేసే తీగలన్నీ రోపు ముక్కలు విప్పి తీసినవే. ఎందుకంటే, రోపు ఎంత బాగున్నా, కొన్ని నెలలకొకసారి కేజ్ వైపు కొసను కోసి పారేసేవాళ్లు. ఎక్కువ బరువు మోసి అలసిపోయే చోటు అదేనని లెక్క. ఒక వయసు దాటిన రోపును, ఒక్క తీగా తెగకపోయినా, దించి పక్కన పెట్టేవాళ్లు. ఇవన్నీ నియమాలు. ఉక్కుకు ఉన్న నియమాలు. ఉక్కు అలసిపోతుందని ఒప్పుకున్న కాలం అది. నేను ఆడిన కాలంలో ఇరవై నాలుగేళ్ల మనిషి మోకాలు అలసిపోతుందంటే సాకు చెబుతున్నాడన్నారు.

పుస్తకానికి కూడా నియమాలున్నాయి. పెన్నుతోనే రాయాలి. చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక గీత కొట్టాలి, కింద రాసింది కనబడుతూనే ఉండాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి, ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, ఒక సోమవారం బడికి వెళ్తుంటే, షిఫ్టుకు పోయినవాళ్లంతా టిఫిన్ క్యారియర్లు ఊపుకుంటూ వెనక్కి రావడం చూశాను. నాయన రోపును ఆపేశాడు. పుస్తకంలో రిమార్కుల గడిలో 'నడపరాదు' అని రాశాడు. ఆ మాట పడ్డాక ఎంతటి ఆఫీసరు అరిచినా ఇంజనీరు వచ్చి చూసేదాకా కేజ్ కదలదు. పక్కింటి చెంగప్ప మా గుమ్మం ముందు నిలబడి లైను మొత్తానికి వినబడేలా అన్నాడు.

"ఏమప్పా రమణప్పా, నీ గుడ్డకు యేందో గీచుకుంటే మా పొద్దంతా పాయె కదప్పా!"

నాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "నీకు పొద్దే పాయె. దిగింటే, సాయంత్రం నేను మీ ఆడమనిషికి ఏమి చెప్పల్ల?" అన్నాడు.

"ఆమెకేం, ఒక ముద్ద సంగటి మిగిలె అని సంతోషపడ్తాది లే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నాయన కూడా నవ్వాడు. మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి చూసి తనూ సంతకం పెట్టాడు. రోపు మార్చారు. నాయనకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు. ఆయనా ఎదురుచూడలేదు.

గని మూసేసినప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్నవి టిఫిన్ క్యారియరు, సొంతంగా కొనుక్కున్న కాలిపర్స్, రాయని రోపు పుస్తకాలు రెండు. తరువాత ఆండర్సన్‌పేటలో ఒక కట్టెల డిపోలో వాచ్‌మన్‌గా చేరాడు. పరీక్షించడానికి ఆయనకు ఏమీ మిగల్లేదు. అప్పుడే నేను ఊరిగాం మైదానంలో బంతి పట్టుకున్నాను. రెండో నెలలోనే చీలమండ మడతపడింది. నాయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నూలు గుడ్డ తెచ్చి, మోకాలి నుంచి పాదం దాకా మెల్లగా జార్చాడు. తరువాత అమ్మ కుట్టుపెట్టెలోంచి టేపు తీసి కొలిచి, రాయని పుస్తకం తెరిచి గీతలు గీశాడు. ఎడమ మోకాలు, కుడి మోకాలు, ఎడమ చీలమండ, కుడి చీలమండ, రిమార్కులు, సంతకం. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం కాఫీ కంటే ముందు కొలత. టేపు ప్రతిరోజూ ఒకే చోట పడాలని మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల పైన పెన్నుతో చుక్క పెట్టేవాడు. అర సెంటీమీటరు పెరిగితే ఆ రోజు దూకకూడదు. ఒక సెంటీమీటరు పెరిగితే మైదానం ముఖమే చూడకూడదు.

"రమణప్ప కొడుకును రోపు మాదిరి నడుపుతాండాడు," అని లైన్లలో నవ్వేవాళ్లు. నాకు సిగ్గుగా ఉండేది. కానీ పదహారో ఏడు నుంచి ఇరవై రెండో ఏడు దాకా నేను గాయంతో పోగొట్టుకున్న మ్యాచ్‌లు రెండే. నాతో జిల్లా జట్టులో ఆడిన పన్నెండు మందిలో ఐదుగురు ఆ వయసుకే మోకాళ్లు పోగొట్టుకుని ఆట మానేశారు. ఇది నేను ఇప్పుడు గుర్తు తెచ్చుకుని చెబుతున్న మాట కాదు, పుస్తకంలో ఉంది.

మెకానికల్ డిప్లొమా అయ్యాక బెంగళూరు జట్టు తీసుకుంది. మొదటి సీజన్ దాదాపు అంతా బెంచీ మీదే. మొత్తం కలిపి ఒక మ్యాచ్ అంతసేపు కూడా కోర్టులో లేను. రెండో సీజన్ నడుమ ఒకతను చేయి విరగ్గొట్టుకోవడంతో నాకు చోటు దొరికింది, మళ్లీ వదల్లేదు. ఆండర్సన్‌పేటలో నా ఫ్లెక్సీ కట్టారు. అమ్మ దాని కింద నిలబడి, "ముక్కు ఇంత పెద్దగా యాడ ఉండాది వీనికి?" అని ఆటోవాళ్లతో జగడం పెట్టుకుంది. పుస్తకం నాతోనే ఉండేది. పొద్దున్నే కొలిచి, రాసి, నాయనకు ఫోను చేసి అంకె చెప్పేవాణ్ణి. కుడి మోకాలు మామూలుగా 38.2 సెంటీమీటర్లు. జట్టు ఫిజియోకు ఈ పద్ధతి నచ్చి, రోజూ నా పేజీని ఫోనులో ఫొటో తీసుకునేవాడు. బాగా చూసుకుంటున్నారని నాయన సంతోషించాడు.

మూడో సీజన్ సెమీఫైనల్ రోజు ఉదయం టేపు 39.4 చూపించింది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 39.4. మేనేజరుకు చెప్పాను. అతను హోటల్ వరండాలో నా భుజం మీద చెయ్యి వేసి, చాలా మెత్తగా మాట్లాడాడు. "ఈరోజు నువ్వు లేకపోతే వచ్చే ఏడు నీ గురించి మాట్లాడటానికి నా దగ్గర మాటలుండవు శంకర్. నీ పుస్తకంలో నువ్వు ఏం రాసుకుంటావో అది నీ ఇష్టం." ఇదీ అతనన్న మాట, అక్షరం పొల్లుపోకుండా. ఈ మాటను సలహా అనండి, బెదిరింపు అనండి, తప్పు రాయమని చెప్పలేదని మాత్రం అనకండి.

గదికి వెళ్లి 38.2 అని రాశాను. రిమార్కుల్లో 'సరి' అని రాశాను. సంతకం పెట్టాను. ఫిజియో ఫొటో తీసుకున్నాడు. నాయనకు ఫోను చేసి అదే అంకె చెప్పాను.

"టేపు సరిగ్గా పట్టుకుంటివా?"

"పట్టుకున్నా నాయనా."

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. తరువాత, "సరేప్పా, బాగా ఆడు," అని పెట్టేశాడు.

బాగానే ఆడాను. మూడో క్వార్టరు దాకా పంతొమ్మిది పాయింట్లు. ఇరవయ్యో పాయింటు కోసం ఎగిరి దిగినప్పుడు మోకాలి లోపల ఏదో తెగింది. చప్పుడు నాకు వినిపించింది. ఆపరేషన్ అయిన మూడు వారాలకు ఆఫీసుకు పిలిచారు. బల్ల మీద నా పేజీ ప్రింటు తీసి పెట్టి ఉంది. మేనేజరు 38.2 మీద వేలు పెట్టి, "నీ చేతిరాతే కదా? నొప్పి దాచిపెట్టి ఆడావు. జట్టును మోసం చేశావు," అన్నాడు. నొప్పి గురించి ఆ ఉదయం నేను చెప్పింది ఎవరికని అడిగాను. గదిలో నలుగురున్నారు. ఫిజియో కిటికీ వైపు చూశాడు. కాంట్రాక్టు ఆ రోజుతో అయిపోయింది.

తరువాత మైసూరులో ఒక క్లబ్బుకు ఒక ఏడు, ఆ తరువాత సేలంలో అరకొరగా ఇంకో ఏడు ఆడాను. ఎగిరే ఎత్తు తొమ్మిది సెంటీమీటర్లు తగ్గింది. గోడ మీద సుద్దముక్కతో నేనే కొలిచాను. మనిషిని దించి పక్కన పెట్టడానికి వాళ్లకూ ఒక నియమం ఉంది. కాకపోతే ఆ నియమం తెగిన తరువాత మొదలవుతుంది. ఉక్కు తాడుకు తెగకముందు చేసిన మర్యాద మాకు ఎవరూ చేయలేదు. అన్నిటికంటే కోపం వచ్చేదేమిటంటే, అబద్ధం రాయకూడదని మా నాయన పెట్టిన పుస్తకంతోనే నన్ను అబద్ధాలకోరును చేశారు. ఆ అబద్ధం రాసిన చెయ్యి నాదేనన్నది ఈ కోపాన్ని తగ్గించదు. రెండింతలు చేస్తుంది.

మేనేజరు కారు వెళ్లిపోయాక కవిత వచ్చింది. నా సంతకం ఒక్కటే మిగిలిందని మేనేజరు ఆమెకు అప్పటికే ఫోను చేసి చెప్పేశాడు. నడుస్తుంటే ఎడమ పాదం కొంచెం పక్కకు పడుతోంది. అది నాకు కనబడకూడదని మెల్లగా నడుస్తోంది.

"అన్నా, ఒక్క పొద్దే కదా. గట్టిగా పట్టీ కట్టుకొంటా. మా నాయన ఒప్పుకునేకే రెండేండ్లు పట్టింది. ఈసారి పోకపోతే ఇంగ పెండ్లి మాటలు ఎత్తుతారు."

ఆమె చెప్పిందాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. నా పాత పేజీ చూపిస్తే అర్థమవుతుందని ట్రంకుపెట్టె తెరిచాను. నా పుస్తకం కింద ఇంకొకటి ఉంది. గని నుంచి తెచ్చిన రెండో పుస్తకం. అది రాయకుండానే ఉండిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. లోపల నాయన గుండ్రటి అక్షరాలు. నేను ఊరు వదిలిన రోజు నుంచి, ఫోనులో చెప్పిన ప్రతి అంకె, తేదీతో సహా. సెమీఫైనల్ రోజు కోసం వెతికాను. కుడి మోకాలు 38.2. రిమార్కుల గడిలో ఒకే వరస: 'అంకె సరే. గొంతు తగులుకున్యాది.' సంతకం.

నాయన బయట కుర్చీలో ఉన్నాడు. గని ధూళి ఆయన ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది. రెండు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకోవాలి. పుస్తకం ఒళ్లో పెట్టాను. నా గొంతు ఎంత పెరిగిందో లోపల అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడును బట్టి తెలిసింది.

"నీకు తెలుసు. తెలిసి కూడా ఏంటికి ఆపలేదు నాయనా? షిఫ్టు మొత్తం ఆపిన మనిషివి!"

ఆయన ఆ వరస మీద వేలు జార్చాడు. "సెమీఫైనల్ కదప్పా," అన్నాడు. గాలి పీల్చుకున్నాడు. "నువ్వు ఆడల్లని... నాకూ ఉండె."

కవిత గడప దగ్గర నిలబడి అంతా వింది. ఆమె వైపు చూడలేదు నేను. నా పుస్తకం తెరిచి, 38.2 మీద ఒకే గీత కొట్టాను. పక్కన 39.4 అని రాసి, దిద్దిన రోజు తేదీ వేసి, సంతకం పెట్టాను. 'సరి' మీద కూడా గీత కొట్టాను. పెన్ను నాయనకు ఇచ్చాను. ఆయన సాక్షి సంతకం పెట్టాడు. తరువాత తన పుస్తకం తీసుకుని, 'అంకె సరే' అన్న మాట మీద ఒక గీత కొట్టి, నా చేతికి ఇచ్చాడు. దానికి సాక్షిని నేను.

టేపు తెచ్చి కవిత కాలు మళ్లీ కొలిచాను. మేనేజరు ఇచ్చిన కాగితం మీద, సంతకం కోసం వదిలిన ఖాళీలో, ఎడమ చీలమండ 23.4, మామూలు 22.4, నడపరాదు అని రాశాను. అది రోపుకు రాసే మాటని రాశాక తెలిసింది. గీత కొట్టలేదు.

"మీ వల్లే అంతా పాయె," అంది కవిత. ఏడవలేదు. చెప్పులేసుకుని, ఈసారి కుంటడాన్ని దాచకుండా, బస్టాపు వైపు వెళ్లిపోయింది. పొద్దున డ్రైవరు వచ్చి కాగితం తీసుకెళ్లాడు. పది గంటలకు మేనేజరు ఫోను చేశాడు. నా వంటివాళ్ల వల్లే ఈ ఊళ్లనుంచి పిల్లలు పైకి రావడం లేదని చెప్పాడు. మేనేజరు సార్, ఆ కాగితాన్ని కూడా ప్రింటు తీసి దాచుకోండి, అదీ నా చేతిరాతే అన్నాను. బుధవారం వాళ్లు ఇంకొక అమ్మాయిని తీసుకున్నారు. కవిత పోగొట్టుకున్నది చిన్నది కాదు. నేను చేసిందాంతో ఆమెకు మంచి జరిగిందని రాయడానికి ఇంకా ఆధారం ఏమీ లేదు. చీలమండ మానితే, మళ్లీ ట్రయల్ పెడితే, అప్పుడు చూడాలి. వాళ్ల నాయనతో మాట్లాడటానికి క్యాసంబళ్ళి వెళ్లాను. పట్టుపురుగులకు ఆకు వేస్తూ, నన్ను కూర్చోమనకుండానే మొత్తం విన్నాడు. పెళ్లి మాట ఆరు నెలలు ఎత్తనన్నాడు. అంతకంటే ఎక్కువ ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు.

నాలుగు రోజులు కవిత మైదానానికి రాలేదు. ఫోను ఎత్తలేదు. ఐదో రోజు ఉదయం ఆరున్నరకు ఫోను మోగింది.

"ఇరవై మూడు పాయింట్ ఒకటి," అంది. పెట్టేసింది.

నాయన రెండో పుస్తకంలో ఖాళీ పేజీలు చాలా మిగిలాయి. ఆయన రాసిన చివరి వరస కింద అడ్డంగా గీత గీసి, కవిత పేరు రాసి, అంకె వేశాను. రిమార్కుల గడి దగ్గర ఆగి, ఫోనులో ఆమె అన్న నాలుగు మాటల్నీ, గుడ్డలోంచి రోపును జార్చినట్టు, మనసులో మళ్లీ ఒకసారి మెల్లగా జార్చి చూశాను. తరువాత రాశాను: 'గొంతులో కోపం ఉంది. ఎక్కడా తగులుకోలేదు.' సంతకం పెట్టాను.